ఇండ్లలోనికి ఇసుక ఏల వచ్చినది?

నమీబియా దేశమున, అట్లాంటిక్ సముద్రతీరమందలి ల్యూడెరిట్జ్ పట్టణమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరమున, ఎడారి నడుమ కోల్మన్‌స్కోప్ అను నిర్జనమైన ఊరు కలదు. అచటి యొక యింటి గడపకడ నిలిచి చూడుడు: గోడమీది రంగు ఇంకను పూర్తిగ వెలిసిపోలేదు గాని, మోకాలిలోతు ఇసుక గదినిండ పఱచుకొని, సగము తెఱచిన తలుపును కదలనీయక పట్టియుంచినది.

ఈ ఊరెట్లు పుట్టినది? 1908లో రైలుపట్టాలమీది ఇసుకను తొలగించుచుండిన జకరియాస్ లెవాలా అను కార్మికునకు మెఱయు రాయి యొకటి దొరకెను, అది వజ్రము. ఎడారిలోనికి వజ్రమెట్లు వచ్చినదందురా? ఆరెంజ్ నది లోతట్టు భూములనుండి దానిని కొట్టుకొనివచ్చి కడలిలో విడువగా, అలలు ఉత్తరదిశకు నెట్టుకొనిపోగా, తుదకు గాలియు ఇసుకతోపాటు ఆ రాళ్లను తీరభూములపై చెదరగొట్టినది. లక్షలాది సంవత్సరములు సాగిన ఆ ప్రయాణమే నాకు వజ్రముకంటె అద్భుతముగ తోచును.

ఆ సంపదతో ఆసుపత్రియు, నాట్యశాలయు, మంచుగడ్డల కర్మాగారమును వెలసినవి. పిదప దక్షిణమున ఇంకను పెద్ద వజ్రములు దొరకుటచే జనులు తరలిపోయిరి. 1956 నాటికి ఊరు ఖాళీయయ్యెను. ఊడ్చి ఎత్తిపోయువారున్నంతకాలము ఇసుక గడప బయటనే యుండెను. వారు పోయిన వెనుక, దక్షిణమునుండి వీచు బలమైన గాలి దానిని పగిలిన కిటికీలగుండ లోనికి తెచ్చినది.

చూడబోవువారు ఉదయముననే పోవలెను. మధ్యాహ్నమునకు సాధారణముగ గాలి హెచ్చును.