పచ్చి తిండి, నలుగురు రూమ్మేట్లు, ఒకటే ఫ్రిజ్

ప్రతి ఆగస్టులో మా ఊళ్ళో కొత్తగా దిగిన ఎమ్మెస్ విద్యార్థులకి తెలుగు సంఘం తరఫున ఒక పూట భోజనం పెట్టి, నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. వాళ్ళడిగే ప్రశ్నలు కూడా దాదాపు ఒకటే. బ్యాంకు ఖాతా ఎక్కడ తెరవాలి, క్యాంపస్‌లో ఉద్యోగం దొరుకుతుందా, కారు ఎప్పుడు కొనుక్కోవచ్చు, ఇలాంటివి. ఈసారి మాత్రం ఒక అబ్బాయి పప్పునీ, గుత్తివంకాయనీ దాటేసి, ప్లేటులో కీరా ముక్కలూ అరటిపండూ పెట్టుకుని వచ్చి, "అన్నా, నేను రా ఫుడ్ మొదలుపెడదామనుకుంటున్నాను. రూమ్‌లో ఇంకో ముగ్గురున్నారు. ఎలా కుదురుతుందంటారు?" అని అడిగాడు. పక్కనున్న వాళ్ళు నవ్వారు గానీ అది నవ్వాల్సిన ప్రశ్న కాదు. అందులో సగం ఒంటికి సంబంధించింది, సగం ఇంటికి సంబంధించింది. దేనికది విడిగా చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు, కలిపి చెప్పేవాళ్ళే తక్కువ. నేను డాక్టర్ని కాను, కోడ్ రాసుకునే వాణ్ణి. అందుకని నాకు చేతనైన పద్ధతిలో, లెక్కలు వేసి చెబుతాను.

ముందు అసలు సంగతేమిటో చూద్దాం. రా ఫుడ్ అంటే పొయ్యి ఎక్కని తిండి. పళ్ళు, కూరగాయలు, గింజలు, నానబెట్టినవి, మొలకెత్తించినవి. వేడి 118 డిగ్రీల ఫారెన్‌హీట్ (మన లెక్కలో సుమారు 48 సెల్సియస్) దాటకూడదని చాలామంది గీత గీసుకుంటారు. ఇదేదో కాలిఫోర్నియా వాళ్ళు నిన్న మొన్న కనిపెట్టిందని అనుకోకండి. గాంధీ గారు 1893లోనే ప్రిటోరియాలో ఈ ప్రయోగం చేసి చూశారు. మళ్ళీ 1929లో ఆయన ఆంధ్ర పర్యటనకి వచ్చినప్పుడు, రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావు గారు నిప్పు తగలని తిండి గురించి చెప్పి ఆయనకి మళ్ళీ ఉత్సాహం తెప్పించారు. అంటే దీంట్లో మన గోదావరి నీళ్ళు కూడా ఉన్నాయన్నమాట! అదే ఏడాది గాంధీ గారికి విరేచనాలు పట్టుకుని, ప్రయోగం ఆపేసి మేకపాలకి తిరిగి వచ్చారు. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

మన తరానికి ఈ మాట చేర్చింది టీవీలో మంతెన సత్యనారాయణరాజు గారు. మా ఇంట్లో పొద్దున్నే ఆయన కార్యక్రమం మోగుతూ ఉండేది. ఆయన పేరు చెప్పి పూర్తిగా పచ్చి తిండికి దిగే కుర్రాళ్ళు ఒకటి గమనించాలి. ఆయన చెప్పే దినచర్యలో కూడా మధ్యాహ్నం పుల్కాలూ, ఉడికిన కూరలూ (ఉప్పు లేకుండా, అది వేరే బాధ) ఉంటాయి.

వండితే ఎంజైములు చచ్చిపోతాయి, అందుకే పచ్చిగా తినాలి అనే వాదన ఎక్కువగా వినిపిస్తుంది. వేడికి ఎంజైములు పాడవుతాయన్నది నిజమే. కానీ అవి మొక్క తన పనికోసం తయారుచేసుకున్నవి. మన కడుపులోకి వెళ్ళాక అక్కడి ఆమ్లం వాటిలో చాలావాటిని ఎలాగూ విరగ్గొడుతుంది. మనకి కావలసిన ఎంజైములు మన క్లోమం తయారుచేసుకుంటుంది. విటమిన్ సి విషయంలో మాత్రం పచ్చి తిండి వాళ్ళదే గెలుపు, ఉడికిస్తే అది బాగా తగ్గుతుంది. టమాటాలో ఎర్రరంగునిచ్చే లైకోపీన్‌దీ, క్యారట్‌లో కెరోటిన్‌దీ ఇంకో దారి. కాస్త ఉడికి, కాస్త నూనె తగిలితేనే ఒంటికి బాగా పడతాయి. కాబట్టి "పచ్చిదంతా మంచిది, వండిందంతా చెడ్డది" అనే సూత్రం నిలబడదు.

ఇప్పుడు లెక్క. రోజంతా క్లాసులూ, ల్యాబూ, సాయంత్రం క్యాంపస్‌లో ఉద్యోగం చేసే కుర్రాడికి సుమారు 2,200 కేలరీలు కావాలనుకుందాం. వంద గ్రాముల కీరాలో 15 కేలరీలుంటాయి. అంటే కీరాతోనే బతకాలంటే రోజుకి పధ్నాలుగు కిలోలు పైగా నమలాలి! పెసర మొలకలు వంద గ్రాములకి 30 కేలరీలు, అవి ఏడు కిలోలు దాటాలి. సలాడ్ గిన్నె చూడ్డానికి ఎంత పెద్దగా ఉన్నా లోపల సరుకు ఇంతే. అందుకే మొదలుపెట్టిన మొదటి నెలలో చాలామంది చిక్కిపోతారు. "చూశావా, ఎంత తేలికైపోయానో" అని సంబరపడతారు. అది ఆరోగ్యం కాదు, అర్ధాకలి.

కేలరీలు నిండాలంటే బరువైన సరుకు కావాలి. ఉదాహరణకి ఆరు అరటిపళ్ళు, మూడు యాపిళ్ళు, రెండు గుప్పెళ్ళ బాదం (సుమారు 55 గ్రాములు), ఒక అవకాడో, ఆరు పెద్ద ఖర్జూరాలు, వంద గ్రాముల పచ్చికొబ్బరి. కూడితే దాదాపు 2,300 వస్తుంది. హమ్మయ్య అనుకునే లోపు ప్రొటీన్ కూడా కూడండి, సుమారు 30 గ్రాములే తేలుతుంది. 65 కిలోల మనిషికి కనీసం 52 కావాలి. గుమ్మడి గింజలో, పొద్దుతిరుగుడు గింజలో ఇంకో 60 గ్రాములు కలిపితే దగ్గరకి వస్తుంది. ఇంత పట్టిక వేసుకుని రోజూ పాటించేవాడు సెమిస్టర్ మొత్తం పాటిస్తాడా అన్నది మీకే వదిలేస్తున్నాను.

డబ్బు సంగతి. ఇండియన్ స్టోరులో 20 పౌండ్ల సోనామసూరి సంచిలో దాదాపు 33 వేల కేలరీలుంటాయి. ఒక మనిషికి పదిహేను రోజుల తిండి, మూల పడేసినా పాడవదు. పై పట్టికలోవి సగం వారం తిరక్కుండా మెత్తబడతాయి. నలుగురిలో కారు ఒక్కడికే ఉంటుంది, వాడు రెండు వారాలకోసారి షాపుకి వెళ్తాడు. మిగతావాళ్ళు బియ్యం, కందిపప్పు, ఉల్లిపాయలతో నెట్టుకొస్తారు. పచ్చి తిండి మనిషికి అలా కుదరదు. నాలుగు రోజులకోసారి బస్సెక్కి పళ్ళ సంచీలు మోసుకు రావాలి, లేదా కారున్న రూమ్మేట్‌ని బతిమాలాలి. ఫ్రిజ్‌లో రెండు అరలు కావాలి. నలుగురికి ఉన్న అరలే మూడు!

అసలు ప్రమాదం కూడా ఆ ఫ్రిజ్‌లోనూ, ఆ సింకులోనూ ఉంది. వంట అనేది రుచి కోసమే కాదు, సూక్ష్మక్రిముల్ని చంపడానికి కూడా. పచ్చి తిండి తినేవాడికి ఆ చివరి కాపలా ఉండదు. అదే వంటింట్లో ఆదివారం పూట రూమ్మేట్ చికెన్ కడుగుతాడు. ఆ నీళ్ళు చిట్లి సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన కొత్తిమీర మీదా పడతాయి. చికెన్ తినేవాడు దాన్ని ఉడికించుకు తింటాడు కాబట్టి వాడికేం కాదు. కొత్తిమీర పచ్చిగా తిన్నవాడికి సాల్మొనెల్లా అంటుకుంటుంది. అందుకని ఎవరి సిద్ధాంతం ఏదైనా ఈ నాలుగూ ముందే మాట్లాడుకోవాలి: చికెన్ ఎప్పుడూ అన్నిటికంటే కింది అరలో, డబ్బాలో, దాన్ని సింకులో కడగడం మానెయ్యాలి (అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేది కూడా ఇదే), కూరగాయలకి వేరే కటింగ్ బోర్డూ, వేరే కత్తీ, ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా చూసుకోవడం. ఒక థర్మామీటర్ కొని లోపల పెట్టేస్తే వాదన ఉండదు.

మొలకల మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగుదాం. మనకి మొలకలంటే మహా పవిత్రం. అయితే మొలక రావడానికి కావలసిన వెచ్చదనం, తడి, అవే బ్యాక్టీరియాకి కూడా పండగ. 2011లో జర్మనీలో ఇ. కోలై వచ్చి దాదాపు నాలుగు వేలమంది జబ్బు పడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు. చివరికి కారణమని తేల్చింది దేన్నో తెలుసా? మన మెంతుల్ని! ఈజిప్టు నుంచి వచ్చిన మెంతులతో చేసిన మొలకలు. "నేను ఇంట్లోనే, శుభ్రంగా కట్టుకుంటాను" అంటారు. క్రిమి గింజ పగుళ్ళలోనే ఉంటే ఇల్లు శుభ్రంగా ఉండి ఏం లాభం? కడిగితే పోదు. మరుగుతున్న నీళ్ళలో బాగా ఉడికించి తినండి. రా ఫుడ్ నియమం తప్పుతుంది, తప్పనివ్వండి.

కొన్నిటిని అసలే పచ్చిగా ముట్టుకోకూడదు. రాజ్మా గింజలు నాలుగైదు పచ్చివి తిన్నా వాంతులు పట్టుకోవచ్చు, వాటిలో ఉన్న లెక్టిన్ అలాంటిది. నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి బాగా మరిగించాల్సిందే. మొలక వచ్చినంత మాత్రాన సురక్షితం అయిపోవు. చేమదుంప పచ్చిగా కొరికితే గొంతు ఏమవుతుందో మన అమ్మమ్మలకి తెలుసు. ఇక "రా" అని రాసి అమ్మే జీడిపప్పు నిజానికి పచ్చిది కాదు. పైపెంకులో ఉండే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది, అందుకే పలాసలో అయినా ఎక్కడైనా గింజని వేపో, ఆవిరి పట్టో పప్పు తీస్తారు. కాలిఫోర్నియా బాదం కూడా అంతే, 2007 నుంచి అమెరికాలో అమ్మే వాటికి ఆవిరి లాంటి శుద్ధి తప్పనిసరి చేశారు. కొందరు పచ్చిపాలు కూడా తాగమంటారు. 2024లో ఇక్కడి పాడి ఆవుల్లోకి బర్డ్ ఫ్లూ పాకి, పచ్చిపాలలో బతికున్న వైరస్ బయటపడ్డాక కూడా ఆ సలహా ఇచ్చేవాళ్ళని ఏమనాలో నాకు తెలియదు.

అన్నిటికంటే నెమ్మదిగా వచ్చేది బీ12 లోటు. ఇది మొక్కల్లో ఉండదు. రోజుకి కావలసింది 2.4 మైక్రోగ్రాములే, కానీ అది కూడా పళ్ళలోంచి రాదు. లివర్‌లో నిల్వ ఉంటుంది కాబట్టి ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. తెలిసేసరికి అరికాళ్ళలో తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం. చిన్నప్పటి నుంచీ శాకాహారం తిన్న మన పిల్లలు కొందరు తక్కువ నిల్వతోనే విమానం ఎక్కుతారు. ఇక్కడికొచ్చి పాలూ పెరుగూ కూడా మానేస్తే మిగిలేది మాత్రే. అది వేసుకోకుండా పూర్తి పచ్చి తిండికి దిగొద్దు. క్యాంపస్ క్లినిక్‌లో రక్తపరీక్ష అడగండి, మీ స్టూడెంట్ ఇన్సూరెన్స్ కింద ఎంత పడుతుందో ముందు కనుక్కుని వెళ్ళండి. అమ్మాయిలకి ఇంకో మాట. జర్మనీలో పచ్చి తిండి మీద చాలాకాలంగా ఉన్న ఐదు వందల మందికి పైగా మనుషుల వివరాలు సేకరించి 1999లో ప్రచురించిన పరిశీలనలో, 45 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో దాదాపు 30 శాతం మందికి నెలసరి తప్పడమో, పూర్తిగా ఆగిపోవడమో కనిపించింది. ఒళ్ళు "శుభ్రపడుతోంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. తిండి చాలక ఒళ్ళు ఆ ఖర్చు తగ్గించుకుంటోంది.

ఇక ఇంటి సగం. నేను ఎమ్మెస్ చేసిన రోజుల్లో మా రూమ్మేట్ ఒకడు ఇలాగే మొదలుపెట్టాడు. మాకు వంట టర్నులుండేవి, రాత్రి తొమ్మిదింటికి నలుగురం కింద కూర్చుని కుక్కర్ మధ్యలో పెట్టుకుని తినేవాళ్ళం. వాడు మొదటివారం క్యారట్ గిన్నెతో మా పక్కనే కూర్చున్నాడు. మేం ఊరుకుంటామా, "ఒరేయ్ కుందేలూ, గోంగూర వాసనైనా చూడరా" అని ఏడిపించాం. రెండోవారం నుంచి గదిలో తలుపు వేసుకుని తినడం మొదలుపెట్టాడు. తర్వాత బర్త్‌డేలకి రావడం మానేశాడు, ఆ తర్వాత మాటలు తగ్గిపోయాయి. వాళ్ళమ్మ గారు వీడియోలో చూసి "ఏరా, ఏమన్నా జ్వరమొచ్చిందా?" అని అడిగేదాకా వాడు ఎనిమిది కిలోలు తగ్గాడని మేమెవరం గమనించలేదు. తిండి నియమాలు రోజురోజుకీ బిగుసుకుపోయి మనిషిని నలుగురిలోంచి లాగేసే స్థితికి ఒక పేరు కూడా ఉంది, ఆర్థోరెక్సియా. స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికన్ డాక్టర్ 1997లో పెట్టాడు. మావాడికి అంతవరకు వచ్చిందో లేదో చెప్పలేను. వాడు రాత్రి భోజనానికి తిరిగొచ్చాక మనిషి తేరుకున్న మాట మాత్రం నిజం.

అందుకే నా సలహా ఇది. పొద్దున, మధ్యాహ్నం మీ ఇష్టం, పళ్ళూ గింజలూ పచ్చికూరలూ తినండి. మధ్యాహ్నం ఎలాగూ క్యాంపస్‌లో ఉంటారు, డబ్బాలో పట్టుకెళ్ళడానికి ఇంతకంటే సులువైంది లేదు, మైక్రోవేవ్ దగ్గర వరస కూడా ఉండదు. రాత్రి మాత్రం రూమ్మేట్లతో కలిసి పప్పన్నం, పెరుగన్నం తినండి. ప్రొటీన్ లెక్కా, పెరుగులో వచ్చే కాస్త బీ12 లెక్కా, డబ్బు లెక్కా, స్నేహం లెక్కా నాలుగూ ఆ ఒక్క పూటతో చాలావరకు సర్దుకుంటాయి. నాలుక మరీ అలవాటు తప్పుతుందని బెంగ అక్కర్లేదు. పచ్చి పులుసు, ఉగాది పచ్చడి, వడపప్పు, పానకం ఇవన్నీ పొయ్యి ఎక్కనివే. ఆ మాటకొస్తే ఆవకాయ కూడా పచ్చిదే!

రూమ్మేట్లతో మాత్రం మొదటిరోజే కూర్చుని తేల్చుకోండి. స్ప్లిట్‌వైజ్‌లో మీ పళ్ళూ బాదం వేరే రాసుకోండి, రాత్రి భోజనం సరుకుల్లో మీ వాటా మీరు ఇవ్వండి. "నేను వండింది తక్కువ తింటున్నాను కాబట్టి నాకు టర్ను లేదు" అనకండి, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. కత్తి చేతిలో ఎలాగూ ఉంటుంది కాబట్టి ఉల్లిపాయలు తరిగే పని మీరు తీసుకోండి. వాళ్ళకి ఉపన్యాసాలు ఇవ్వొద్దు, బిర్యానీ చేసిన రోజు అసలే వద్దు. మిడ్ టర్మ్ వారంలో మొదలుపెట్టొద్దు, తలనొప్పీ కడుపుబ్బరం పరీక్షహాల్లో పడటం అవసరమా? సెమిస్టర్ అయ్యాక, వేసవిలో, పళ్ళు చవగ్గా దొరికేటప్పుడు ఒక పూటతో మొదలుపెట్టి, రెండో పూట నెల తర్వాత చేర్చండి. వారానికోసారి బరువు చూసుకోండి. సన్నగా ఉన్నవాళ్ళు నెలలో రెండు కిలోలు తగ్గితే ఆపేసి క్లినిక్‌కి వెళ్ళండి. మరొకటి, ఆ బ్లెండర్ పొద్దున్న ఆరింటికి ఆన్ చేయకండి. రాత్రి రెండింటిదాకా అసైన్‌మెంట్ చేసి పడుకున్నవాడు పక్కగదిలోనే ఉంటాడు.