పాత పెట్రోలు రంపానికి పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూలు

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను పడగొట్టినది. అటువంటి గాలివాన వెలిసిన మరునాడు గ్రామానికి ముందుగా కావలసినది దారి. రోడ్డుపై పడిన చెట్టు తీస్తేగాని పాలబండి రాదు, వైద్యుడు రాడు. ఆ ఉదయం సావిట్లోనుండి పెట్రోలు రంపం తెచ్చి తాడు ఇరవైసార్లు లాగినా ఇంజను పలుకకపోతే, ఉన్న రంపం లేనట్టే.

పిఠాపురం, ఉప్పాడ కొత్తపల్లి ప్రాంతాలలో సరుగుడు నరికించే రైతులు ఈ విషయం తెలిసికొనుట మంచిది. పాతకాలపు రంపాలలో ఈ మొండితనానికి తరచు కారణం పాయింట్లు. ఉప్పుగాలి తగిలే చోట, నెలల తరబడి కదలకుండా ఉన్న యంత్రంలో వాటి ముఖాలపై తుప్పుపొర పట్టును. ఆ పొర కంటికి కూడ ఆనదు, కాని విద్యుత్తును ఆపివేయును.

పాయింట్ల పని ఏమిటో చూడుడు. ఫ్లైవీలు అంచున అయస్కాంతం ఉన్నది. దాని ప్రక్కనున్న కాయిలులో లావుతీగ కొద్ది చుట్లు, సన్నతీగ వేల చుట్లు ఉండును. అయస్కాంతం దాటునప్పుడు లావుతీగలో విద్యుత్తు పుట్టి, మూసియున్న పాయింట్లగుండా ప్రవహించును. క్రాంకు ఇరుసుపైనున్న మిట్ట సరియైన క్షణాన పాయింట్లను తెరచును. ప్రవాహం తటాలున తెగును. ఆ దెబ్బకు సన్నతీగలో వేల వోల్టులు లేచి ప్లగ్గువద్ద నిప్పురవ్వ దూకును. తెరచునప్పుడు పాయింట్లు కాలిపోకుండ కాపాడునది కండెన్సరు. ఏండ్లు గడచిన కండెన్సరు వాడకున్నను చెడిపోవచ్చును.

మాడ్యూలు అనునది అగ్గిపెట్టెకన్న చిన్న దిమ్మ. అందులోని ట్రాన్సిస్టరు పాయింట్ల పనిని చేయును. లావుతీగలోని ప్రవాహం అలవలె లేచి గరిష్ఠానికి రాగానే దానిని తెగగొట్టును. తెరచుకొను ముఖాలు లేవు, కనుక తుప్పుకు తావులేదు. బ్యాటరీ అక్కరలేదు. రంపాలు తయారుచేయువారు 1970లలోనే ఈ మార్గంలోకి మళ్లిరి. మన స్కూటర్లలోను తరువాత ఇదే మార్పు వచ్చినది. అయితే స్కూటరు సి.డి.ఐ. పెట్టెను తెచ్చి రంపానికి కట్టవద్దు. దానికి వేరే చార్జింగు కాయిలు కావలెను. ఫ్లైవీలు మాగ్నెటోకు పనికివచ్చు, పాయింట్లకు బదులుగా అమ్మే మాడ్యూలునే అడిగి తీసికొనవలెను.

కొనుటకు ముందు ఒక మాట. స్పార్కు రాకపోవుటకు పాయింట్లే కారణమని తేల్చుకొనుడు. ప్లగ్గు విప్పి, తొడుగు తగిలించి, దాని లోహభాగం ఇంజనుకు ఆనించి, పెట్రోలుకు దూరంగా నీడలో తాడు లాగి చూడుడు. స్పార్కు లేకున్న ముందు కొత్త ప్లగ్గు పెట్టి చూడుడు. ఆపివేయు స్విచ్చి తీగ ఎక్కడైన ఒరిసి ఇంజనుకు తగులుచున్నదేమో చూడుడు. పాయింట్లను సన్నని గరుకు కాగితంతో శుభ్రపరచి, తెరచుకొన్నప్పటి సందును 0.4 మిల్లీమీటరు దగ్గరకు సరిచేసిన తరువాత నిప్పురవ్వ వచ్చినచో, ఆ సంవత్సరానికి ఖర్చు తప్పినట్లే. రాజ్‌దూత్ మోటారుసైకిళ్ల కాలపు మెకానిక్కుకు ఈ పని చెప్పనక్కరలేదు. కాయిలే కాలిపోయినచో మాడ్యూలు ఏమియు చేయలేదు. ఇది తెలియక డబ్బు పోగొట్టుకొనుటే ఎక్కువ జరుగును.

పాయింట్లే దోషమని తేలినప్పుడు బిగించుట కష్టం కాదు. కాయిలునుండి పాయింట్లకు, కండెన్సరుకు పోవు తీగను విడదీయవలెను. కాయిలు తీగను, ఆపివేయు స్విచ్చి తీగను మాడ్యూలు తీగతో కలిపి టంకం వేయవలెను. రెండవ తీగను ఇంజను లోహానికి, రంగు గీకిన చోట, గట్టిగా బిగించవలెను. పాత పాయింట్లకు ఏ తీగయు తగిలియుండరాదు. తగిలినచో అవి మూసుకొన్నప్పుడెల్ల మాడ్యూలు పని సాగదు. కాయిలు బయట ఉన్న రంపాలలో ఫ్లైవీలు విప్పవలసిన అవసరమే రాదు. విప్పవలసినచో పుల్లరుతోనే విప్పవలెను. సుత్తి దెబ్బలకు ఫ్లైవీలు పగులును, ఇరుసు వంగును.

మాడ్యూలుకు వేడి శత్రువు. సైలెన్సరుకు దూరంగా, ఫ్లైవీలు గాలి తగులు చోట పెట్టుడు. స్పార్కు రాకున్న మాడ్యూలు రెండు తీగలను తారుమారు చేసి చూడుడు. ఫ్లైవీలు అయస్కాంతపు ధ్రువాల వరుస అన్ని ఇంజన్లలో ఒకేరీతిగా ఉండదు. కాయిలు కాళ్లకు, ఫ్లైవీలుకు మధ్య సందు పోస్టుకార్డు మందం ఉన్న సాధారణంగా చాలును. రెసిస్టరు ప్లగ్గు వాడుట మంచిది. ప్లగ్గు తొడుగును గాలిలో వదలి తాడు లాగవద్దు. దూకుటకు దారిలేని వోల్టులు కాయిలును, మాడ్యూలును చెరచును.

బిగించిన తరువాత తాడు చేతిని వెనుకకు గుంజినచో టైమింగు ముందుకు జరిగినట్లు గ్రహించి, మెకానిక్కుకు చూపవలెను. తీసిన పాయింట్లను, కండెన్సరును పారవేయక గుడ్డలో చుట్టి దాచుడు. పాత పవరు స్ప్రేయర్లలోను, పెట్రోలుతో మొదలై కిరసనాయిలుపై నడిచే పాత పంపు ఇంజన్లలోను ఫ్లైవీలు మాగ్నెటో ఉన్నచో ఈ పద్ధతియే వర్తించును. బ్యాటరీతో పనిచేయువాటికి వర్తించదు.

పాత రంపాలలో చాలావాటికి గొలుసును ఆపే బ్రేకు లేదు. మాడ్యూలు పెట్టినంత మాత్రాన ఆ లోపం తీరదు. గాలికి పడి వంగి బిగిసియున్న మానులను అటువంటి రంపంతో అనుభవం లేనివారు కోయరాదు. విద్యుత్తు తీగలతో కలిసి పడిన చెట్టును లైనుమను వచ్చి సరఫరా ఆపినట్లు చెప్పువరకు ముట్టరాదు.

తుపానులు ఎక్కువగా వచ్చు అక్టోబరు, నవంబరు నెలలకు ముందే, సెప్టెంబరులో ఒకనాడు రంపాన్ని బయటకు తీసి, పాత పెట్రోలు పారబోసి, కొత్తగా నూనె కలిపిన పెట్రోలు పోసి, పది నిమిషములు నడిపి చూచుకొనుడు.