బాగ్దాద్‌కు తిరుగు ప్రయాణం

ఈశాన్య ఋతుపవనాల కాలంలో మా మైపాడు తీరాన నాలుగైదు రోజులు ఇల్లు కదలనివ్వని వాన పట్టడం కొత్త కాదు. వాయుగుండం హెచ్చరిక వస్తే పడవలు ఒడ్డుకు చేరతాయి, బడికి సెలవు ఇస్తారు, కరెంటు పోతుంది. అటువంటి ఒక నవంబరు సాయంత్రం అసర్ నమాజు ముగించుకుని మేమంతా చాప మీద చేరి ఒక పెద్ద అట్టపెట్టెను విప్పాము. కువైట్ నుండి సెలవుపై వచ్చిన పిల్లల చాచా తెచ్చిన ఆట అది. దాని పేరు ‘టేల్స్ ఆఫ్ ది అరేబియన్ నైట్స్’.

ఎరిక్ గోల్డ్‌బర్గ్ రూపొందించిన ఈ ఆటను అమెరికాకు చెందిన వెస్ట్ ఎండ్ గేమ్స్ సంస్థ 1985లో వెలువరించింది. 2009లో జీ-మ్యాన్ గేమ్స్ దానిని కొత్త హంగులతో తిరిగి ముద్రించింది. ఆడేవారు సింద్‌బాద్, అలాదీన్, అలీబాబా, షహర్‌జాద్ వంటి పాత్రలలో ఒకరై, బాగ్దాద్ నుండి ప్రపంచపటం మీద ప్రయాణం ప్రారంభిస్తారు. ‘కథ’, ‘విధి’ అనే రెండు ఖాతాలకు 20 పాయింట్లను ఎలా పంచుకోవాలో ఎవరికి వారే రహస్యంగా నిర్ణయించుకోవాలి. వాటిని సంపాదించి అందరికంటే ముందు బాగ్దాద్‌కు తిరిగివచ్చినవారే విజేతలు.

పాచికల చిక్కు

పెట్టెలో పాచికలు కనబడగానే దాదీమా ముఖం చిట్లించారు. ఆమె సందేహం న్యాయమైనదే. పాచికలాటను ప్రవక్త (స) తీవ్రంగా వారించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. మసీదు ఇమామ్ గారిని అడిగితే, “పందెం లేకున్నా పాచికలను దూరంగా ఉంచడమే మేలు” అన్నారు. ప్రయాణంలో తమ సతీమణులలో ఎవరు వెంట రావాలో ప్రవక్త (స) వంతులు వేసి నిర్ణయించేవారన్న సహీహ్ బుఖారీలోని హదీసును కూడా ఆయనే గుర్తుచేశారు. పాచికలను పక్కనబెట్టి, ఒకటి నుండి ఆరు వరకు అంకెలు రాసిన చీట్లను టిఫిను డబ్బాలో వేసుకున్నాము. ఇది ఫత్వా కాదు, మా ఇంటి జాగ్రత్త మాత్రమే.

వినడంలోని ఆనందం

ఈ ఆటకు ప్రాణం రెండువేలకు పైగా ఘట్టాలున్న కథల గ్రంథం. దారిలో ఒక ఫకీరో, వర్తకుడో, జిన్నో ఎదురవుతాడు. సాయం చేయాలా, మాటలు కలపాలా, తప్పుకోవాలా అన్నది ఆటగాడు ఎంచుకోవాలి. ఆ ఎంపికను, చీటీలోని అంకెను బట్టి మరొకరు ఆ ఘట్టాన్ని వెదకి చదువుతారు. గ్రంథం ఇంగ్లీషులో ఉన్నందున చాచా చదువుతూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవాడు. పిల్లలు వినరాని చోట్లు వచ్చినపుడు దగ్గి, దాటవేసేవాడు. అక్షరాలు రాని దాదీమా, పదేళ్ళ మనుమరాలు సమానంగా ఆడగలిగారంటే, అన్నీ చెవులతో వినే ఆట కావడం వల్లనే.

అసలు ఈ కథలలో కొన్ని నోటి మాటగానే లోకానికి అందాయి. అలాదీన్, అలీబాబా కథలను అలెప్పో వాసి హన్నా దియాబ్ 1709లో పారిస్ నగరంలో ఫ్రెంచి అనువాదకుడు గలాఁకు చెప్పాడు.

సింద్‌బాద్ నావ సముద్రంలోకి దిగగానే “మన ఊరు రాదా?” అని పిల్లలు అడిగారు. పధ్నాలుగవ శతాబ్దపు పారశీక చరిత్రకారుడు వస్సాఫ్, మఅబర్ తీరం కొల్లం నుండి ‘నీలావర్’ వరకు వ్యాపించి ఉందని రాశాడు. ఆ నీలావర్ మన నెల్లూరే. పారశీక సింధుశాఖ నుండి మఅబర్ రేవులకు గుర్రాలు ఓడలలో వచ్చేవి. ఈ సంగతి విన్న పిల్లలు పటం మీద మన తీరం ఉండవలసిన చోట ఒక చింతగింజ పెట్టారు.

మంచి చేస్తే చెరసాలా?

విసుగు పుట్టించే గుణాలూ ఈ ఆటలో తక్కువేమీ కాదు. ఒక ఆట ముగియడానికి గంటలు పడుతుంది. ఎంత ఆలోచించి ఎంచుకున్నా ఫలితం మన చేతిలో ఉండదు. వర్తకుణ్ణి దోచుకున్న మా అబ్బాయికి నిధి దక్కింది. ఫకీరుకు సాయపడిన చెల్లెలికి ఖైదు పడింది.

“నేను సాయం చేశాను కదా చాచా, నన్నెందుకు జైల్లో వేశారు?”

“పుస్తకంలో అలాగే ఉంది తల్లీ.”

“అయితే ఆ పుస్తకమే అన్యాయం!” అని లేచి వెళ్ళిపోయింది.

అప్పుడు దాదీమా మేము దాచినదానిని బయటపెట్టారు. “మీ అబ్బా రొయ్యల గుంటకు ఏం తక్కువ చేశాడు? సీడు పరీక్ష చేయించాడు, రాత్రులు నిద్ర మాని ఏరేటర్లు చూసుకున్నాడు. 45వ రోజున వైట్ స్పాట్ వచ్చి అంతా పోయింది. చేసిన పని తప్పందామా?”

ఆ నష్టం గురించి పిల్లలకు అంతవరకు మేము చెప్పలేదు. అబ్బాయి మెల్లగా “అప్పు ఎంత ఉంది?” అని అడిగాడు. దాచకుండా చెప్పాము. ఎన్ని వాయిదాలలో తీర్చబోతున్నామో కూడా చెప్పాము. ఆ రాత్రి ఆట అక్కడే ఆగింది.

కర్మలు సంకల్పాలను బట్టే అన్న హదీసు మనకందరికీ తెలిసినదే. కృషి మన వంతు, ఫలితం అల్లాహ్ చేతిలోనిది. అయినా ఆట లోపాన్ని ఆట లోపమనే అనాలి. ఫకీరుకు సాయపడిన బిడ్డను ఖైదుచేసి, కారణం చెప్పకుండా పేజీ తిప్పే పుస్తకం ఆమెకు న్యాయం నేర్పదు. ఆ కోపం సరైనదేనని ఆమెకు చెప్పవలసింది పెద్దలే. ఆట మాకు ఆ మాట చెప్పే సందర్భాన్ని మాత్రం ఇచ్చింది.

ఆడదలచిన కుటుంబాలకు మా అనుభవం నుండి రెండు మాటలు. గ్రంథాన్ని పెద్దలు ముందుగా తిరగవేసి, దాటవేయవలసిన ఘట్టాలను గుర్తుపెట్టుకోవాలి. 20 పాయింట్లకు బదులు 10తో ఆడితే నమాజు వేళ తప్పదు, చిన్నపిల్లలు విసుగు చెందరు.

మరునాడు మా అమ్మాయి తానే వచ్చి కూర్చుంది. మూడు వంతులు గడిచినా ఆమెకు ఖైదు వీడలేదు. ఇంతలో చాచా సెలవు ముగిసింది. పావులు ఎక్కడున్నాయో కాగితం మీద రాసి పెట్టెలో ఉంచాము. తనను విడిపించిన తరువాతే చాచా మళ్ళీ కువైట్ వెళ్ళాలని ఆమె షరతు పెట్టింది.