ఎన్టీఆర్ నాణెం: పెట్టె ధర వేరు, వెండి ధర వేరు

(మా వాణిజ్య విలేఖరి)

తిరుపతి: ఎన్.టి. రామారావు బొమ్మతో వెలువడిన 100 రూపాయల నాణేన్ని ఎవరైనా అంగడికి తెచ్చి కొనమన్నా, కుదువ పెట్టుకోమన్నా వర్తకుడు దానికి ఏ ధర కట్టాలి? నాణెం మీద వున్నది 100 రూపాయలు. టంకశాల అమ్మినది 4 వేల పైచిలుకు ధరకు. అందులో వున్న వెండి విలువ ఈ రెండింటికీ సంబంధం లేని మరొక అంకె. ఈ మూడింటినీ విడదీసి చూడకుండా బేరం ఆడితే నష్టం తప్పదు.

రామారావు శతజయంతి సందర్భంగా ఈ నాణేన్ని రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2023 ఆగస్టు 28న ఢిల్లీలో విడుదల చేశారు. ముద్రించినది హైదరాబాదు టంకశాల. 1983 ఎన్నికలలో రామారావు గుడివాడ, తిరుపతి రెండు చోట్లా గెలిచి, గుడివాడను వుంచుకుని తిరుపతి స్థానాన్ని వదులుకున్నారు. కనుక ఈ ప్రాంతంలో ఆయన నాణెంపై మోజు వుండడం సహజమే. అయితే మోజు వేరు, మదింపు వేరు.

వెండి ఎంత?

నాణెం బరువు 35 గ్రాములు, వ్యాసం 44 మిల్లీమీటర్లు. లోహంలో వెండి 50 శాతం, రాగి 40 శాతం, నికెల్ 5 శాతం, జింకు 5 శాతం. అంటే అసలు వెండి పదిహేడున్నర గ్రాములు మాత్రమే. ‘వెండి నాణెం’ అన్న పేరు విని 35 గ్రాములకూ వెండి ధర కట్టేవారు ఆదిలోనే సగానికి సగం పొరపడుతున్నారు.

వెండి వర్తకులకు ఈ మిశ్రమం కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 నుంచి 1945 వరకు ముద్రించిన ఆరవ జార్జి రూపాయిలో వున్నదీ ఇవే నాలుగు లోహాలు, ఇవే పాళ్ళు. ఆ రూపాయి బరువు 11.66 గ్రాములు. మూడు రూపాయిలు కలిపి తూస్తే ఇంచుమించు 35 గ్రాములు. కనుక లోహం వరకు చూస్తే ఒక ఎన్టీఆర్ నాణెం మూడు యుద్ధకాలపు రూపాయిలకు సమానం. అంతకు ముందటి విక్టోరియా రూపాయి బరువు కూడా 11.66 గ్రాములే అయినా, అందులో వెండి దాదాపు 92 శాతం. రెండు విక్టోరియా రూపాయిలలో 21 గ్రాములకు పైగా వెండి వుంటుంది. అంటే ఆ రెండే ఈ పెద్ద నాణేన్ని మించుతాయి.

లెక్క ఇలా వేయాలి

కిలో వెండి ధరను వెయ్యితో భాగించి, వచ్చిన దానిని 17.5తో హెచ్చవేస్తే నాణెంలోని వెండి విలువ తెలుస్తుంది. కిలో 75 వేల రూపాయలయితే ఆ విలువ రూ. 1,312. కిలో లక్ష అయితే రూ. 1,750. రెండు లక్షలయితే రూ. 3,500.

విడుదల సమయంలో ఈ నాణేన్ని కొయ్య పెట్టెలో రూ. 4,850కు, అట్ట ఫోల్డరులో రకాన్ని బట్టి రూ. 4,380కు, రూ. 4,050కు అమ్మారు. అన్నిటికంటె తక్కువ ధర అయిన రూ. 4,050 వెండి రూపంలోనే గిట్టాలంటే కిలో వెండి సుమారు 2 లక్షల 31 వేలు వుండాలి. కొయ్య పెట్టె ధర గిట్టాలంటే సుమారు 2 లక్షల 77 వేలు కావాలి. మార్కెట్ ధర అంతకు దిగువన వున్న రోజున ఈ నాణెం కొన్నవారు ఆ తేడాను మోజుకు చెల్లిస్తున్నట్లే లెక్క.

ఇక్కడ మరొక చిక్కు వుంది. వెండి విలువ కాగితం మీద ఎంత వచ్చినా, దానిని కరిగించి రాబట్టుకునే వీలు లేదు. 2011 నాణేల చట్టం స్మారక నాణేలకు కూడా వర్తిస్తుంది. నాణేన్ని కరిగించడం, ధ్వంసం చేయడం ఆ చట్టం కింద నేరం. ఏడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. కనుక పాత గొలుసునో, పట్టీలనో తీసుకున్నట్లు ‘చివరికి కరిగిస్తే పోదా’ అనే ధైర్యంతో దీనిని తీసుకోరాదు. దీనిని నాణెంగానే మరొకరికి అమ్మవలసి వుంటుంది.

మోజు ధర నిలిచేదెట్లా?

నాణెం మీద మనిషి ఎంత గొప్పవాడన్నది ఒక్కటే మోజు ధరను నిలపదు. ఇందుకు గ్రీసు దేశం మంచి ఉదాహరణ. ఏథెన్సును ఏలిన ప్రాచీన రాజనీతిజ్ఞుడు పెరిక్లిస్ బొమ్మతో ఆ దేశం 1976 నుంచి 1988 వరకు 20 డ్రాక్మాల నాణేలు ముద్రించింది. వెనుకవైపు ఆయన హయాంలో కట్టిన పార్థెనాన్ ఆలయం వుంటుంది. 2002లో యూరో రాగా డ్రాక్మా చెలామణి ముగిసింది. 340.75 డ్రాక్మాలకు ఒక యూరో చొప్పున నాణేలను మార్చుకునే గడువు కూడా 2004 మార్చి 1తో తీరిపోయింది. అందుచేత ఆ నాణేనికి నేడు ముఖవిలువ లేదు. రాగి-నికెల్ కనుక లోహవిలువ కూడా నామమాత్రమే. మిగిలింది మోజు ఒక్కటే. ముద్రించినవి కోట్ల సంఖ్యలో వుండడంతో ఆ మోజుకు కూడా చెప్పుకోదగ్గ ధర పలకదు. రెండున్నర వేల సంవత్సరాల కీర్తి వున్న మనిషి బొమ్మయినా, రాశి ముందు ధర నిలవలేదు.

చిత్తూరు బెల్లం యార్డులో నిత్యం కనిపించే సూత్రమే ఇది. సరుకు ఎంత మేలైనదయినా రాబడి పెరిగితే ధర తగ్గుతుంది. ఎన్టీఆర్ నాణెం చెలామణి కోసం ముద్రించినది కాదు కనుక పెరిక్లిస్ నాణెమంత రాశి దీనికి లేదు. అంతవరకు మేలే. అయితే కొన్నవారిలో అధికులు అభిమానులు. వారు దానిని ఇంట దాచుకున్నంత కాలం మార్కెట్లో సరుకు తక్కువగా వుంటుంది. వారి పిల్లలు ఒకేసారి అమ్మకానికి తెస్తే ధర నిలబడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

వర్తకులు గమనించవలసినవి

నాణెం చేతికి వచ్చినప్పుడు ముందు తూకం, వ్యాసం చూడాలి. హైదరాబాదు టంకశాల గుర్తు అయిన చిన్న నక్షత్రం వున్నదీ లేనిదీ చూడాలి. టంకశాల ఇచ్చిన పెట్టె లేక ఫోల్డరుతో సహా వున్న నాణేనికీ, విడిగా చేతులు మారి గీతలు పడిన నాణేనికీ సేకరణదారు ఒకే ధర ఇవ్వడు. గుడ్డతో తోమి మెరిపించిన నాణేనికి ధర పెరగకపోగా పడిపోతుంది.

కుదువ వ్యాపారులకు పెట్టె మీది ధర ప్రమాణం కారాదు. ఆ రోజు వెండి ధరతో 17.5 గ్రాములకు లెక్క కట్టి, కరిగించే వీలు లేనందున అందులోనూ కొంత తగ్గించుకుని అప్పు ఇవ్వడం క్షేమం. ఆపైన వున్నదంతా అభిమానం విలువ. అభిమానానికి వడ్డీ వసూలు కాదు.