ఉక్కు కూడా ఉబ్బుతుంది!

వంటింటిలోని స్టెయిన్‌లెస్ స్టీలు గ్లాసు ఎన్నేళ్లు వాడినా రూపు మారదు. అదే జాతి ఉక్కును అణు రియాక్టరు గర్భంలో ఉంచితే మాత్రం కొన్నేళ్లకు ఉబ్బుతుంది. బరువు పెరగకుండానే ఘనపరిమాణం పెరుగుతుంది.

ఈ వింతను 1967లో వెల్లడించినవారు కాథోర్న్, ఫుల్టన్ అనే శాస్త్రజ్ఞులు. స్కాట్లండులోని డూన్‌రే ఫాస్ట్ రియాక్టరులో ఇంధనానికి తొడుగుగా వాడిన ఉక్కును వారు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించగా, లోహం నిండా సూక్ష్మమైన బోలు గదులు కనిపించాయి. వాటిలో పెద్దవి సైతం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు మాత్రమే!

ఇవి ఎలా ఏర్పడతాయి? ఉక్కులో పరమాణువులు బారులు తీరి ఉంటాయి. వేగంగా వచ్చిన న్యూట్రాన్ ఒకదానిని ఢీకొంటే, అది మరికొన్నింటిని నెట్టివేస్తుంది. చెదరిన పరమాణువులు వరుసల నడుమ ఇరుక్కుంటాయి. అవి విడిచిన చోట్లు ఖాళీ అవుతాయి. చాలా ఖాళీలు వెంటనే పూడిపోతాయి. కాని స్ఫటికంలో వరుస తప్పిన రేఖలు ఇరుక్కున్న పరమాణువులనే ఎక్కువగా ఆకర్షిస్తాయి. మిగిలిపోయిన ఖాళీలు గుమిగూడి బోలు గదులవుతాయి.

ఇంధన కడ్డీల మధ్యనున్న సన్నని సందులలో ద్రవ సోడియం ప్రవహించి వేడిని మోసుకుపోవాలి. ఉక్కు ఉబ్బి వంగితే ఆ దారి ఇరుకవుతుంది. ఇంధనంలో సత్తువ మిగిలి ఉండగానే కడ్డీలను బయటికి తీయవలసి వస్తుంది.

కొత్త ఉక్కును రియాక్టరులోనే పరీక్షించాలంటే ఏళ్లు పడుతుంది. పైగా ఆ ముక్క తీవ్రమైన రేడియోధార్మికతను సంతరించుకుంటుంది. అందుకే శాస్త్రజ్ఞులు అయాన్లను, అంటే విద్యుదావేశం పొందిన పరమాణువులను, ఆశ్రయించారు. నికెల్ లేక ఇనుప అయాన్లను యంత్రంతో వేగవంతం చేసి వేడి ఉక్కుపై కురిపిస్తే, ఏళ్లలో తగిలే దెబ్బ గంటలలో, రోజులలో తగులుతుంది. ముక్కకు రేడియోధార్మికత దాదాపు అంటదు.

ఈ తొందరలో చిక్కులూ ఉన్నాయి. అయాన్లు మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతుల లోతుకు మించి చొరబడలేవు. దెబ్బలు త్వరత్వరగా పడటంవల్ల ఖాళీలు గుమిగూడే వ్యవధి చాలదు. కనుక రియాక్టరులో కంటె హెచ్చు ఉష్ణోగ్రత వద్ద పరీక్ష జరపాలి. లోపల నిలిచిపోయిన అయాన్లు ఖాళీలను పూడ్చి, ఉక్కు ఉన్నదానికంటె మేలైనదన్న భ్రమ కలిగించవచ్చు.

చెన్నై సమీపాన కల్పాక్కంలో ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టరు 1985లో ప్రారంభమైంది. అక్కడే నిర్మించిన 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ ఇంధన తొడుగులకు డి-9 అనే ఉక్కును ఎంచుకున్నారు. అందులో సుమారు 15 శాతం క్రోమియం, 15 శాతం నికెల్, కొద్దిగా టైటానియం ఉంటాయి. కల్పాక్కం శాస్త్రజ్ఞులు ఈ ఉక్కును అయాన్లతోనూ పరీక్షించారు. టైటానియం ఉబ్బును పూర్తిగా ఆపదు; వాయిదా వేస్తుంది. ఒకసారి ఊపందుకున్నాక, ప్రతి పరమాణువూ సగటున ఒక్కసారి స్థానం తప్పినప్పుడల్లా, ఈ జాతి ఉక్కు సుమారు 1 శాతం ఉబ్బుతుంది. ఆ వాయిదా ఎంత దీర్ఘమైతే కడ్డీకి అంత ఆయుష్షు.