కిర్రుమన్న కీలు

1950లలో ఇంగ్లండ్‌లో ఒక పెద్దమనిషి తుంటికి కృత్రిమ బంతి అమర్చారు. నొప్పి తగ్గింది కానీ కదిలినప్పుడల్లా తుంటి కిర్రుమనేది. ఆ చప్పుడు భరించలేక భార్య ఆయనకు దూరంగా ఉండేది. శస్త్రవైద్యుడు జాన్ చార్న్‌లీని ఆలోచనలో పడేసింది ఆ చప్పుడే.

తుంటి కీలు నిర్మాణం సులువుగానే అర్థమవుతుంది. కటి ఎముకలో గిన్నెలాంటి గుంట, అందులో తిరిగే బంతిలా తొడ ఎముక తల. రెండింటి మీదా నున్నని మృదులాస్థి పొర. అది అరిగినా, ఎముక విరిగినా అడుగు తీసి అడుగు వేయలేం. దీనికి మార్గం వెతుకుతూ 1891లో బెర్లిన్‌లో శస్త్రవైద్యుడు గ్లుక్ ఏనుగుదంతంతో కీలు చేశాడు. 1923లో బోస్టన్‌లో స్మిత్ పీటర్సన్ గాజు గిన్నె తొడిగాడు. ఆ గాజు శరీరం బరువుకు పగిలిపోయింది. 1946లో పారిస్‌లో జూడే సోదరులు అక్రిలిక్ బంతి పెట్టారు. కిర్రుమన్నది ఆ రకమే.

చప్పుడు వస్తోందంటే రాపిడి ఎక్కువగా ఉందన్నమాట. ఆ రాపిడి అమర్చిన భాగాన్ని ఎముక నుంచి వదులు చేస్తుందని చార్న్‌లీ గ్రహించాడు. రైటింగ్టన్ ఆస్పత్రిలో ప్రయోగశాల పెట్టి మూడు నిర్ణయాలు తీసుకున్నాడు. బంతి స్టీలుది, చిన్నది కావాలి. చివరికి అది 22 మిల్లీమీటర్ల దగ్గర స్థిరపడింది. బంతి చిన్నదైతే ఎముకను మెలితిప్పే బలం తగ్గుతుంది. రెండోది, దంతవైద్యులు వాడే అక్రిలిక్‌నే సిమెంటుగా వాడి అమరికను ఎముకకు బిగించాలి. మూడోది, గిన్నె జారుడు ప్లాస్టిక్‌ది కావాలి. అందుకు టెఫ్లాన్‌ను ఎంచుకున్నాడు.

దాదాపు 300 మందికి టెఫ్లాన్ గిన్నెలు అమర్చాడు. మొదట్లో అందరూ చక్కగా నడిచారు. కొన్నేళ్లకే గిన్నెలు అరిగి, ఆ పొడికి చుట్టూ కణజాలం వాచి, నొప్పి తిరగబెట్టింది. చార్న్‌లీ తప్పును దాచలేదు. రోగులకు తానే మళ్లీ ఆపరేషన్లు చేశాడు. టెఫ్లాన్ పొడిని తన తొడలోకే ఎక్కించుకుని, అక్కడ గడ్డలు కట్టడం కళ్లారా చూశాడు.

1962లో ఒక అమ్మకందారు లాంకషైర్ మగ్గాల పళ్లచక్రాలకు వాడే పాలిథిలీన్ ముక్క తెచ్చాడు. చార్న్‌లీ దాన్ని కొట్టిపారేశాడు. ప్రయోగశాల సాంకేతికుడు హ్యారీ క్రేవెన్ మాత్రం దాన్ని అరగదీసే యంత్రానికి ఎక్కించాడు. మూడు వారాలు తిరిగినా, టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా అది అరగలేదు. తన మాట తప్పని ఒప్పుకున్న చార్న్‌లీ ఆ ఏడాది నవంబరు నుంచే పాలిథిలీన్ గిన్నెలు అమర్చాడు. ఈనాటి తుంటి మార్పిడికి పునాది అదే.

ఈ కథ మన ఇళ్లకూ వస్తుంది. పెద్దవాళ్లు స్నానాలగదిలో జారిపడితే తరచూ విరిగేది తొడ ఎముక మెడ, అంటే ఆ ఎముక తల కింది సన్నని భాగం. ఎముక తలకు రక్తం తెచ్చే నాళాలు ఆ మెడ మీదుగానే వెళతాయి. ఎముక జరిగి విరిగితే అవి తెగి, తల చచ్చుబడే ప్రమాదముంది. అందుకే వయసులో ఉన్నవాళ్లకు స్క్రూలతో బిగించి చూసినా, పెద్దవాళ్లకు ఎక్కువగా బంతిని, కొందరికి గిన్నెనూ మారుస్తారు. మెడ కింద విరిగితే సాధారణంగా రాడ్డు, స్క్రూలు చాలు.

పడ్డాక లేవలేకపోతున్నా, కాలు పొట్టిగా కనిపిస్తున్నా, పాదం బయటికి తిరిగి ఉన్నా ఎముక విరిగిందనే అనుకోండి. ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా నొప్పి తగ్గకుంటే ఎంఆర్ఐ అడగండి. నూనె మర్దనలతో రోజులు గడపకండి. మంచం పట్టిన కొద్దీ ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేయించి, వీలైతే మర్నాడే నిలబెట్టాలి. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకని వెనకాడకండి, ఆ వయసుకే అది ఎక్కువ అవసరం.