ఈ-మెయిల్‌కు జవాబిచ్చి చర్చలో చేరుదాం

సాఫ్ట్‌వేర్ అంటే హైదరాబాదులోనో, బెంగుళూరులోనో అద్దాల మేడల్లో కూర్చుని చేసే పని అని మనలో చాలామంది అనుకుంటాం. అది సగమే నిజం. ఎన్నో ప్రోగ్రాములను ప్రపంచం నలుమూలలవారు బహిరంగంగా చర్చించుకుంటూ కలిసి తయారుచేస్తున్నారు. ఆ చర్చలో చేరడానికి సొంత కంప్యూటర్ అవసరం లేదు. ఈ-మెయిల్ ఉంటే చాలు. అదెలాగో మన తమ్ముళ్ల కోసం వివరిస్తున్నాం.

ముందుగా 2008లో మొదలైన గిట్‌హబ్ సంగతి చూద్దాం. ఒక ప్రోగ్రాంలో తెలుగు ఒత్తులు అక్షరం కింద కాక పక్కన పడుతున్నాయనుకుందాం. ఖాతా తెరిచి ఆ లోపాన్ని రాస్తే దానికొక నంబరు వస్తుంది. దీన్నే 'ఇష్యూ' అంటారు. "ఏ ఫోనులో? ఏ ఫాంటుతో?" అని ఎవరైనా అడిగితే మనకు ఈ-మెయిల్ వస్తుంది. దానికి 'రిప్లై' నొక్కి సమాధానం పంపితే చాలు, అది మన పేరుతో ఆ ఇష్యూ కింద చేరిపోతుంది.

ఇదెలా సాధ్యం? ఆ రిప్లై చిరునామాలో కొన్ని రహస్య అక్షరాలు ఉంటాయి. ఏ చర్చ, ఏ సభ్యుడు అన్నది వాటిని బట్టే తెలుస్తుంది. ఉత్తరం మీద పిన్‌కోడ్ ఊరిని చూపినట్టు అవి చర్చను చూపుతాయి.

1993లో పుట్టిన డెబియన్‌ది మరో పద్ధతి. అక్కడ ప్రతి లోపానికీ దాని నంబరుతోనే ఒక ఈ-మెయిల్ చిరునామా ఉంటుంది. లోపాన్ని తెలపడం, దానిపై మాట్లాడడం, సరిచేశాక మూసివేయడం అన్నీ ఉత్తరాలతోనే సాగుతాయి.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

1. మన జవాబును లోకమంతా చదువుతుంది. ఉత్తరం చివర ఫోన్ నంబరు, ఇంటి చిరునామా వచ్చేలా పెట్టుకుని ఉంటే ముందే తీసెయ్యాలి.

2. గిట్‌హబ్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఇతరులకు ఫార్వర్డ్ చేయకూడదు. ఆ రహస్య చిరునామా వారి చేతిలో పడితే మన పేరుతో రాసే ప్రమాదం ఉంది.

3. కింద అతుక్కుని వచ్చే పాత ఉత్తరాన్ని చెరిపి, మన మాట మాత్రమే పంపాలి.

4. పంపాక ఉత్తరాన్ని వెనక్కి తీసుకోలేం. గిట్‌హబ్‌లోనైతే సైటుకు వెళ్లి దిద్దుకోవచ్చు. కానీ అప్పటికే ఇతరులకు చేరిన ప్రతులు మారవు. కోపంలో ఉన్నప్పుడు రాయకపోవడమే మేలు.

"మాకు ఇంగ్లీషు రాదు కదా!" అని వెనకడుగు వేయవద్దు. ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది అనే మూడు చిన్న వాక్యాలు చాలు. తెలుగు ఒత్తు తప్పుగా పడిందని తెలుగు చదివేవారే కదా చెప్పగలిగేది! ఆ విషయంలో మనమే పెద్దలం.

మన తండ్రి పేరేమిటి, ఏ హాస్టల్లో చదివాం అని అక్కడ ఎవరూ అడగరు. చూసేది మనం రాసిన మాటనే. మనం చేసిన పని మన పేరుతో అక్కడ నిలిచి ఉంటుంది. రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు సిఫారసు ఉత్తరం లేకపోయినా దాన్ని చూపించవచ్చు. కాబట్టి తమ్ముళ్లారా, ఈ సెలవుల్లోనే ఒక చిన్న లోపాన్ని గుర్తించి తెలియజేయండి. జవాబు వస్తే తప్పక బదులివ్వండి.